రైలు, రేవు, రెండు చక్రములు

సైకిలుపై దూరయాత్ర చేయదలచినవాడు మొదట పటమును ముందు పెట్టుకొని దూరములను కొలుచును. దినమునకు ఇన్ని కిలోమీటర్లు, మొత్తము ఇన్ని దినములు, రాత్రి మకాములు ఈ యూళ్లలో అని లెక్క వేసికొనును. ఆ లెక్క కుదిరినంతనే యాత్ర కుదిరినదని తలచును. త్రోవ ఆసాంతము నేలమీదనే సాగునదైనచో ఆ లెక్క చాలవరకు చెల్లును. నడుమ ఒక రైలో, ఒక రేవో వచ్చెనా, అది తలక్రిందులగును. ఏలన, సైకిలు త్రొక్కువాని మాట వినును. రైలు తన కాలపట్టిక మాట వినును. పడవ నది మాట వినును. ముగ్గురి మాట చెల్లవలసిన ప్రయాణమునకు ఒక్కరి లెక్క చాలదు.

సైకిలును రైలుతోను ఓడతోను జతపరచుట నేటి మాట కాదు. థామస్ స్టీవెన్స్ అను నతడు 1884 ఏప్రిలులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమునుండి, ముందుచక్రము మనిషి గుండెలకంటు నంత ఎత్తును వెనుకచక్రము మిక్కిలి చిన్నదియు నైన ఆనాటి సైకిలుపై బయలుదేరి, ఆగస్టులో బోస్టను చేరెను. అట్లాంటిక్ సముద్రమును ఓడపై దాటి, ఐరోపా, టర్కీ, పర్షియా దేశముల మీదుగా వచ్చి, ఆఫ్ఘనిస్థానమున త్రోవ మూసికొనిపోగా వెనుదిరిగెను. మరల ఓడలపైనను రైళ్లపైనను చుట్టు తిరిగి లాహోరు చేరి, 1886లో గ్రాండు ట్రంకు రోడ్డు వెంబడి కలకత్తావరకు త్రొక్కెను. ఆ డిసెంబరులోనే జపానునందలి యొకొహామాలో అతని యాత్ర ముగిసెను. సైకిలుపై భూగోళమును చుట్టివచ్చిన మొదటివాడని లోకము అతనిని కీర్తించును. ఆ కీర్తి తగినదే. కాని ఓడలును రైళ్లును లేకున్నచో ఆ చుట్టు పూర్తియగునది కాదు. 1923 అక్టోబరులో బొంబాయినుండి బయలుదేరిన పార్సీ యువకుల జట్టులో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అను ముగ్గురు 1928 మార్చిలో లోకము చుట్టి ఇల్లు చేరిరి. వారికిని సముద్రములు అడ్డు తగిలినచోట ఓడలే శరణ్యమైనవి.

ఇక తెలుగువారికి యాత్రా ప్రణాళికయందు గురుస్థానము ఇవ్వవలసినచో, సైకిలు పుట్టుకకు పూర్వుడైన ఏనుగుల వీరాస్వామయ్యకే ఇవ్వవలెను. ఆయన 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. ఆయన దినచర్య "కాశీయాత్ర చరిత్ర" పేర వెలువడినది. అందు దేవాలయముల వర్ణన మాత్రమే కాక, దారి మంచిచెడ్డలు, మజిలీ యూరిలోని అంగళ్లు, నీటివసతి, నదులు దాటిన రీతి మున్నగునవి శ్రద్ధతో వ్రాయబడినవి. వెనుక వచ్చు బాటసారికి అక్కరకు వచ్చునది ఏదో ఆయన ఎరిగియుండెను. నేటి సైకిలు యాత్రికుని చేతిపుస్తకమునకు అంతకన్న మంచి ఒరవడి దొరకదు.

పద్ధతి తెలియుటకు ఒక నిజమైన త్రోవను తీసికొని చూచుట మేలు. రైలులో రాజమహేంద్రవరము చేరి, అచ్చట సైకిలెక్కి, గౌతమిని ఒక రేవునను వసిష్ఠను మరియొక రేవునను దాటి, నరసాపురములో తిరిగి రైలెక్కుట ఆ త్రోవ. సెలవులలో ఒక ఉపాధ్యాయుడు పదిమంది పెద్దతరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని పోదగిన యాత్ర ఇది. కొండలు లేవు, ఎక్కుడుదిగుడులు లేవు. ఉన్నదంతయు నీరు, ఆ నీటికి అటునిటు గట్లు, కొబ్బరితోటలు, వరిచేలు. అయినను ఈ సమతలపు యాత్రయే, తెలివిగా ఏర్పరచుకొననిచో, కొండదారికన్న ప్రమాదకరము కాగలదు.

నది విడిపోవు తీరు

ధవళేశ్వరము దిగువన గోదావరి చీలును. తూర్పుపాయ గౌతమి; పడమటిపాయ వసిష్ఠ. వసిష్ఠనుండి వైనతేయ మరల చీలును. ఈ పాయల నడుమ నున్న నేలయే కోనసీమ. ఇది 2022లో ప్రత్యేక జిల్లా అయినది. కనుక తూర్పునుండి పడమటికి కోనసీమను అడ్డముగా దాటువాడు మూడు పాయలను దాటక తప్పదు. యాత్రకు అసలైన పటము రోడ్లపటము కాదు, ఈ మూడు పాయల పటమే.

గౌతమిని కోటిపల్లి రేవున దాటి ముక్తేశ్వరము చేరవచ్చును. వైనతేయను పి. గన్నవరము వద్ద నేలమీదుగనే దాటవచ్చును. అచ్చట కాలువయే అక్విడక్టుపైకెక్కి నదిని దాటుచుండును. నీరు నీటిని వంతెనపై దాటు ఆ వింతను పిల్లలకు పాఠముగా చెప్పుటకన్న ఒకమారు చూపుట మేలు. ఇక వసిష్ఠను సఖినేటిపల్లి రేవునుండి పంటుపై దాటినచో ఆవలిగట్టు నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము. ఈ చిన్నరేవు పేరు తెలుగునాట చాలమంది ఎరుగరు. ఇంగ్లీషు నిఘంటువులు మాత్రము ఎరుగును. 17వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పి గుడ్డలను కొని ఓడలకెక్కించిరి. ఆ నూలుగుడ్డకు ఈ యూరిపేరే "మడపొల్లం" అని మారి లోకమున నిలిచినది.

రైలు లెక్క

రైలులో సైకిలును తీసికొనిపోవుట అనగా పెట్టెను బల్లక్రింద త్రోసినట్లు కాదు. టిక్కెట్టుతో ఉచితముగా తీసికొనిపోదగిన సామానులో సైకిలు చేరదు. దానిని స్టేషనులోని సామానుల కార్యాలయమున టిక్కెట్టు చూపి, రుసుము చెల్లించి, రసీదు పుచ్చుకొని, బ్రేకువానులో వేయింపవలెను. పేరు, బయలుదేరు స్టేషను, దిగు స్టేషను వ్రాసిన చీటీలు రెండుచోట్ల కట్టవలెను. ఒకటి తెగిపోయినను రెండవది మిగులును. గాలిపంపు, నీటిసీసా, దీపము ఊడదీసి చేతిసంచిలో ఉంచుకొనవలెను. గొట్టములకు గోనెపట్టా చుట్టినచో రంగు చెడదు. ఇంతకాలము గార్డు అని పిలువబడిన ఉద్యోగికి 2022లో ట్రెయిన్ మేనేజరు అను పేరు వచ్చినది. పేరు మారినను బ్రేకువాను సామాను దిగినదా లేదా అని అడుగవలసినది ఆయననే.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. రైలు బయలుదేరు మొదటి స్టేషనులో బండి ప్లాటుఫారమున చాలసేపు నిలిచియుండును. సామాను ఎక్కించుటకు తొందర లేదు. నడిమి స్టేషనులో బండి నిలుచునది కొద్ది నిమిషములే. రాజమహేంద్రవరము చెన్నై, హౌరాల నడిమి పెద్దదారిలో నడిమి స్టేషను. నరసాపురము భీమవరమునుండి వచ్చు శాఖకు చివరి స్టేషను. కనుక తిరుగుప్రయాణము నరసాపురమునుండి పెట్టుకొన్నచో సైకిళ్లను నిదానముగా ఎక్కించుటకు వీలగును. వచ్చునప్పుడు రాజమహేంద్రవరమున దిగుటలో మాత్రము అనుమానమునకు చోటుండును. సైకిలు అదే బండిలో రావచ్చును, వెనుక బండిలో రావచ్చును, మరునాడు రావచ్చును. పదిమంది యాత్రికులకు తొమ్మిది సైకిళ్లే దిగినచో యాత్ర ఆగవలసినదే.

ఈ అనుమానమునకు మందు ఒక్కటే. మొదటి దినమును సైకిలుతో పనిలేని దినముగా ఉంచవలెను. ఆ దినము వృథా కాదు. రైలు గోదావరిని దాటునప్పుడు కిటికీనుండి చూచినది, దిగి గట్టున నిలిచి మరల చూడవచ్చును. హేవలాకు వంతెన 1900లో తెరువబడినది. అంతకుముందు రైలుప్రయాణికులు కొవ్వూరుకును రాజమహేంద్రవరమునకును నడుమ నదిని పడవపైననే దాటవలసియుండెను. అనగా రైలు, రేవు కలిసిన ప్రయాణము ఈ గట్టునకు క్రొత్తది కాదు. ఆ వంతెన దాదాపు నూరేండ్లు సేవచేసి 1997లో విశ్రాంతి పొందినది. 1974లో వెలసిన రోడ్డు-రైలు వంతెనయు, దాని తరువాతి విల్లు వంతెనయు నేడు బండ్లను మోయుచున్నవి.

ధవళేశ్వరము అక్కడికి దగ్గరనే. ఆర్థర్ కాటన్ 1847లో మొదలిడిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. నేడున్న బారేజి 1982లో జాతికి అంకితమైనది. కాటన్ కాలువలను సేద్యమునకు మాత్రమే తలపెట్టలేదు. పడవలు నడుచుటకును తలపెట్టెను. రైలుదారులకన్న జలమార్గములే ఈ దేశమునకు చౌకయని ఆయన పట్టుదలతో వాదించెను. ఆ వాదమున ఆయన ఓడిపోయెను, రైలు గెలిచినది. అట్లు ఒకనాడు పోటీపడిన రెండింటిని, నీటిని పట్టాలను, సైకిలు యాత్రికుడు ఒకే వారములో వాడుకొనుచున్నాడు.

చివరినుండి మొదటికి

ప్రణాళికను మొదటినుండి చివరికి వేయుట నేలదారికి తగును. రైలు, రేవు ఉన్న దారికి చివరినుండి మొదటికి వేయవలెను. నరసాపురములో సాయంకాలము ఆరు గంటలకు బండి యున్నదనుకొందము. సామాను వ్రాయించుటకు అయిదింటికే స్టేషనులో ఉండవలెను. రేవునుండి ఊరిలోనికి, ఊరిలోనుండి స్టేషనుకు పోవుటకు అరగంట. పంటుకొరకు వేచియుండుట, ఎక్కుట, దాటుట, దిగుట కలిసి ఒక గంట. జనసమ్మర్దమున్న నాడు ఇంకను ఎక్కువ. కనుక మూడు గంటలకు సఖినేటిపల్లి రేవులో ఉండవలెను. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనము చేసికొని, వసిష్ఠ సముద్రములో కలియు చోటు చూచి, భోజనముచేసి బయలుదేరువారికి రేవు చేరుటకు గంటకు మించి పట్టును. అట్లు వెనుకకు లెక్కించుచు పోగా, ఆనాడు ఉదయము రాజోలులో తెల్లవారకముందే సైకిలెక్కవలసియుండునని తేలును.

కాగితముపై ఇది కుదిరినట్లే కనిపించును. కాని అందు ఒక్క పంక్చరునకు చోటు లేదు. ఒక్కడు త్రొక్కునప్పుడు పంక్చరు అరగంట పని. పదిమంది జట్టులో అది పదిమందికిని అరగంటయే. మరి పది సైకిళ్లకు ఇరువది చక్రములు. ముల్లు గ్రుచ్చుకొను అవకాశమును పదింతలు. జట్టు నడక వెనుకబడినవాని నడకయే కాని ముందుపోవువాని నడక కాదు. బరువుతో త్రొక్కు విద్యార్థులకు గంటకు 12 కిలోమీటర్లు మంచి వేగము. ఆగుటలు కలుపుకొన్నచో దినమునకు 50 కిలోమీటర్లు చాలును. అంతకు మించి వేసికొన్నవాడు ఊళ్లను చూడడు. మైలురాళ్లను మాత్రమే చూచును.

కనుక ఈ యాత్రకు ఆరు దినములు పెట్టుకొనుట తగును. మొదటి దినము పైన చెప్పినట్లు రాజమహేంద్రవరము, ధవళేశ్వరము. రెండవ దినము కడియము పూలతోటల మీదుగా ద్రాక్షారామము; ఇది ఇంచుమించు 50 కిలోమీటర్లు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణమున స్తుతించిన క్షేత్రములో రాత్రి నిద్రించుట తెలుగు విద్యార్థికి చిన్న భాగ్యము కాదు. మూడవ దినము ఉదయముననే కోటిపల్లి రేవు దాటి, ముక్తేశ్వరము మీదుగా అమలాపురము. నాలుగవ దినము అంబాజీపేట, పి. గన్నవరము, రాజోలు. అయిదవ దినము అంతర్వేది, సఖినేటిపల్లి రేవు. ఆ రాత్రి నరసాపురములో మకాము. ఆరవ దినము చేరువనున్న పాలకొల్లులో క్షీరారామమును చూచివచ్చి, సాయంకాలము బండి. ఇందు గమనింపదగినది ఒక్కటే. రెండు రేవులును పగటివేళనే వచ్చినవి. రెండవ రేవునకును రైలునకును నడుమ ఒక రాత్రి నిలిచినది. ఆ రాత్రియే ఈ ప్రణాళికకు ప్రాణము.

ఆ రాత్రి ఎందుకు

ఒక రాత్రి మకాము ఖర్చు మిగిలించుకొనుటకు ఆరు దినములను అయిదు చేసికొనువారు కలరు. ఆ పొదుపు ఏపాటి వెలకు వచ్చునో ఎరిగియుండుట మంచిది.

2018 జూలై 14న ఐ. పోలవరము మండలమునందలి పశువుల్లంక వద్ద, పొంగిపారుచున్న గౌతమిలో జనముతో పోవుచున్న నాటుపడవ నిర్మాణములో నున్న వంతెన స్తంభమునకు తగిలి మునిగినది. గల్లంతయిన వారిలో బడినుండి ఇండ్లకు మరలుచున్న విద్యార్థినులు కలరు. మరునటి సంవత్సరము సెప్టెంబరు 15న దేవీపట్నమునకు ఎగువన కచ్చులూరు వద్ద, పాపికొండలు చూడబోవుచున్న విహారపు పడవ వరదనీటిలో మునిగినది. అందు డెబ్బదిమందికి పైగా ఉండగా బ్రతికి బయటపడినవారు 26 మందియే.

ఇట్టి ఘోరములకు కారణము ఒక్కటి కాదు. నదిపోటు, పడవస్థితి, నడుపువాని నేర్పు, తనిఖీల లోపము మున్నగునవి పలువురు విచారింపవలసిన సంగతులు. వీనిలో ఏదియు బాటసారి చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే: "ఈ పడవ ఎక్కము" అను మాట. ఆ మాట అనుటకు ధైర్యము కావలెనని అందరు తలతురు. నిజమునకు కావలసినది ధైర్యము కాదు, తీరిక. ఆరు గంటల బండికి టిక్కెట్టు జేబులో ఉండగా, చీకటి పడుచుండగా, చివరి పడవ నిండియుండగా, గట్టున నిలిచిన పెద్దవాడు ఎంత వివేకియైనను "సరుదుకొని ఎక్కుడు" అనియే అనును. అతనిచేత ఆ మాట అనిపించునది నదికాదు. నెలదినముల క్రింద ఇంటిలో కూర్చుండి అతడు వ్రాసికొన్న కాలపట్టికయే. మరునాడు సాయంకాలమువరకు బండి లేనివాడు నవ్వుచు "పోనిండు, తరువాతి పడవలో వత్తుము" అనగలడు.

డిసెంబరు మాసమున గోదావరి మండలములో సాయంకాలము అయిదున్నర ప్రాంతమునకే ప్రొద్దు గ్రుంకును. ఈ సంగతి కాలపట్టికలో మొదటి పంక్తిగా వ్రాసికొనవలెను. చివరి పంటు ఎన్నింటికని కాదు, చివరి వెలుతురు ఎన్నింటికని అడుగవలెను.

వంతెన అను మారుదారి

పడవను కాదన్నవానికి మరియొక దారి ఉండవలెను. దానిని ముందే పటముపై గుర్తించి ఉంచుకొనవలెను. కోటిపల్లి రేవు ఆగినచో ద్రాక్షారామమునుండి యానాము పోయి, 2002లో తెరువబడిన వంతెనపై గౌతమిని దాటి ఎదుర్లంక చేరవచ్చును. పుదుచ్చేరికి చేరిన యానామును చూచు లాభమును దీనివలన కలుగును. 1954 వరకు అచ్చట ఫ్రెంచివారి పాలన సాగినది. సఖినేటిపల్లి రేవు ఆగినచో రాజోలువైపు మరలి, చించినాడ వంతెనపై వసిష్ఠను దాటి పాలకొల్లు మీదుగా నరసాపురము చేరవచ్చును. ఈ మారుదారులు రెండును చుట్టే. ఆ చుట్టునకు పట్టు గంటలు కాలపట్టికలో ముందుగనే ఉన్నచో అది మారుదారి; లేనిచో అది ఊరక పటముపై గీత.

రేవుల ఏర్పాట్లు ఎల్లకాలము ఒక్కరీతిగ ఉండవు. పాటదారులు మారుదురు, వేళలు మారును, వరదలలో పంటులు కట్టివేయబడును. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. జూలైనుండి సెప్టెంబరువరకు ఈ అంకెలను పత్రికలలో చూచుటయే కాని రేవులో చూడబోరాదు. అక్టోబరు, నవంబరులు తుపానుల కాలము. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరితోటలను ఎట్లు నేలగూల్చెనో ఆ సీమలోని పెద్దలు నేటికిని మరువలేదు. డిసెంబరు, జనవరులే ఈ యాత్రకు తగిన నెలలు. అప్పుడును పండుగలను విచారింపవలెను. మాఘమాసమున భీష్మైకాదశికి అంతర్వేది రథోత్సవము. శివరాత్రికి కోటిపల్లి తీర్థము. ఆ దినములలో రేవు జనసముద్రమగును. ఉత్సవము చూడదలచినవారు సైకిళ్లను వదలి పోవుట మేలు.

పంటుపై మెలకువలు, సంచిలో సామాను

పంటు ఎక్కునప్పుడు సైకిలు దిగి నడిపించుకొనిపోవలెను. మోటారుబండ్లు ఎక్కి నిలిచిన పిమ్మట సైకిళ్లు ఎక్కవలెను; వానిని అంచునకు ఆనింపక నడుమ నిలుపవలెను. సంచి వీపునకు బిగించుకొని ఉండరాదు. అది నీటిలో మనిషిని క్రిందికి లాగును. లైఫ్ జాకెట్టు ఉన్నచో తొడిగి ముడివేసికొనవలెను. లేనిచో ఆ పడవను గురించి మరల ఆలోచింపవలెను. ఈత వచ్చినవారెవరో, రానివారెవరో ఉపాధ్యాయుడు బయలుదేరకముందే వ్రాసి ఉంచుకొనవలెను. ఎక్కునప్పుడును దిగునప్పుడును పేర్లు పిలిచి లెక్క చూచుకొనవలెను. తరగతిలో హాజరుపట్టీ తీసికొను అలవాటు ఇంతకన్న గొప్ప పనికి ఎన్నడును ఉపయోగపడదు.

సామాను విషయమున అత్యాశ పనికిరాదు. జట్టుకంతకు ఒక గాలిపంపు, రెండు మంచి స్పానర్లు, పంక్చరు అతుకులు, సొల్యూషను, నాలుగు ట్యూబులు, కొంచెము నూనె, గుడ్డపీలికలు చాలును. అంతర్వేది ఇసుకలోను ఉప్పుగాలిలోను తిరిగిన గొలుసును ఆ రాత్రియే తుడిచి నూనెవేయవలెను. సైకిళ్లన్నియు ఇంచుమించు ఒకే కొలత చక్రములు గలవైనచో ఒకరి ట్యూబు ఒకరికి పనికివచ్చును. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, నీరు, మందులపెట్టె మిగిలినవి. తలిదండ్రుల అనుమతిపత్రములును, మకాముల వివరము వ్రాసిన కాగితమును ఒకటి జట్టుతోను, ఒకటి బడిలోను ఉండవలెను.

ఇన్ని జాగ్రత్తలు చెప్పగా, యాత్రలో ఇక సంతోషమెక్కడ అని విద్యార్థులు అడుగవచ్చును. జాగ్రత్త ఉన్నచోటనే సంతోషమునకు తీరిక దొరకును. తొందర లేనివాడు రేవులో పంటుకొరకు వేచియున్నంతసేపు సరంగుతో మాటలాడును. పాయ, లంక, గట్టు, లాకు, పోటు, పాటు అను మాటలు పుస్తకములో చదివినవే. వాని అర్థము ఆ గట్టుమీద కూర్చున్నప్పుడు తెలియును. ఏ పాయ ఏ యేట ఏ లంకను కోసినదో, ఏ యూరు ఎన్నిమారులు వెనుకకు జరిగినదో అచ్చటివారు చెప్పుదురు. వినిన ప్రతిమాటను వీరాస్వామయ్యవలె ఆ రాత్రియే చేతిపుస్తకములో వ్రాసికొన్న విద్యార్థి, నిఘంటువు ఇచ్చునదానికన్న పెద్ద భాష ఇంటికి తెచ్చుకొనును. కాలపట్టికను వెనుకనుండి లెక్కించినవానికి గణితము, మూడు పాయలను దాటినవానికి భూగోళము, ఆనకట్టపై నిలిచినవానికి చరిత్ర పరీక్షలకొరకు మాత్రమే ఉన్న పాఠములని ఇక తోచవు.

యాత్రకు పోవు ప్రతి ఉపాధ్యాయుడును బయలుదేరకముందు తన కాగితమును ఒక్క ప్రశ్నతో పరీక్షించుకొనవలెను. "నిండిన పడవ ఒకటి గట్టున నిలిచి పిలిచినచో, దానిని పోనిచ్చుటకు ఈ కాలపట్టికలో నాకు వీలున్నదా?" ఉన్నదని తోచినచో సైకిళ్లకు గాలి కొట్టవచ్చును. లేనిచో ఇంకొక దినము చేర్చవలెను, లేదా ఒక ఊరు తగ్గించవలెను. చూడక వదలిన ఊరు ఎక్కడికిని పోదు. మరు సెలవులకు అదే గట్టున ఉండును.